గంటాపావు లెక్క

"గంటాపావే గదనే! పొద్దుగాల పోతే సాయంత్రం వంటకల్లా ఒచ్చేస్తవ్," అన్నాడు సాయినాథ్, ఫోన్ చూపిస్తూ. హైదరాబాద్ నించి వైజాగ్‌కి దగ్గర దగ్గర ఐదువందల కిలోమీటర్లు, గాల్లో గంటాపావు అని అందులో ఉంది. ఆ లెక్క పెళ్లానికే చూపిస్తున్నాడు మహానుభావుడు! దిల్‌సుఖ్‌నగర్‌లో విమానం టికెట్లు అమ్మే ఆఫీసులో కూర్చుని తొమ్మిదేళ్లుగా ఊరందరికీ ఆ లెక్క చెప్తున్నది ఇంద్రాణే. చెప్పడమే గానీ ఎక్కింది లేదు.

ఇప్పుడు ఓనర్ ఉపేంద్ర ఆమెను వైజాగ్‌లో రెండు రోజుల ట్రైనింగ్‌కి పంపుతున్నాడు. రెండో రోజు పరీక్ష. పాసైతే ఎల్బీ నగర్‌లో తెరవబోయే కొత్త బ్రాంచికి ఆమే ఇన్‌చార్జి. "ఒక్కరోజు కూసుంటే సాలదా? బయట పండుకునుడు మనింట్ల లేదు," అంది అత్త కౌసల్యమ్మ. "మాకెవరు ఒండి పెట్టాలె?" ఇంట్లో ఇద్దరు పెద్ద మనుషులు, నాలుగు చేతులు, నిండు గ్యాసు సిలిండరు. ఐనా ఆ ప్రశ్న ఇంద్రాణినే అడగాలి! వాదించే ఓపిక లేక, పరీక్ష మాట వదిలేసి మొదటి రోజు సాయంత్రం అయిదున్నర ఫ్లైట్‌కే తిరుగు టికెట్ తీసుకుంది. ఆఫీసువాళ్లు హోటల్లో రూము ఇచ్చిన సంగతి ఇంట్లో చెప్పనే లేదు.

ఆ రోజు చీకటితోనే లేచి చపాతీలు, పప్పు, అత్తకి కారం లేని కూర వేరుగా. అల్మాస్‌గూడలో ఇంటి నించి ఆటో, ఎల్బీ నగర్‌లో ఎయిర్‌పోర్టు బస్సు, అక్కడ చెకింగ్ లైను. పొయ్యి వెలిగించిన దగ్గర్నించి సీట్లో కూర్చునేదాకా అయిదు గంటలు. ఇవి ఏ ఫోన్లోనూ కనపడవు కదా అని ఒళ్లు మండిపోయింది. విమానం లేచాక మాత్రం ఏం చెయ్యాలో తోచలేదు. 'నా సాక్సులేవి' అనేవాళ్లు లేరు, ఛాయ్ అడిగేవాళ్లు లేరు. ఒళ్లో చేతులు రెండూ ఊరికే పడి ఉన్నాయి. పెళ్లయిన పన్నెండేళ్లలో అవి అట్లా ఉన్నది అదే మొదలు. ముందు భయమేసింది, తర్వాత ఏడుపొచ్చింది. దిగడానికి అందరూ తోసుకుంటుంటే, అప్పుడే అయిపోయిందా అని ఆమె ఒక్కతే కూర్చుండిపోయింది.

సాయంత్రం నాలుగింటికి, హోటల్లోనే పెట్టిన క్లాసు వదిలారు. "రేపు తొమ్మిదింటికి పరీక్ష," అన్నాడు ట్రైనర్. ఇంద్రాణి బ్యాగు భుజానికి వేసుకుంది, తీసింది, మళ్లీ వేసుకుంది. గేటు దాకా పోయి క్యాబ్ పిలవబోయి వెనక్కొచ్చింది. ఎవరెవరి టికెట్లో వేలసార్లు మార్చిన చేతులే, మొదటిసారి ఫోన్లో తన టికెట్ తెరిచాయి. మార్చింది. రిసెప్షన్‌లో రూము తాళం అడిగి తీసుకుంది.

రాత్రి ఎనిమిదింటికి సాయినాథ్ ఫోన్. "ఏడున్నవే? అమ్మ ఆకలైతాందంటాంది. ఫ్లైట్ లేటా?"

"లేదు, టైముకే పోయింది."

"మరి?"

"నేనే ఎక్కలే. రేపు పరీక్ష రాసి ఒస్తా."

"గట్లెట్ల? మరి అన్నం?"

"బియ్యం స్టవ్ కిందనే ఉన్నయ్," అంది ఇంద్రాణి. "ఒండుకోనీకి గంటాపావు కూడా పట్టదు."