నీలిమందు పెట్టని పంచెలు

ఆ రెండు పంచెలకూ నీలిమందు పెట్టేదాన్ని కాదు. ఇంట్లో మిగతా తెల్లబట్టలన్నిటికీ పెట్టేదాన్ని, వాటికి మాత్రం కాదు. నీలం తగిలిన గుడ్డ కింద కూర్చుంటే ఫోటోలో మనిషి మొహం శవం మొహంలా వస్తుంది. ఈ సంగతి మా ఆయనకు ఇంకెవరూ చెప్పలేదు, నేనే చెప్పాను.

మా ఆయన అంజప్పకు తమిళనాట ధర్మపురి దగ్గర బొమ్మిడి స్టేషన్ రోడ్డులో ఫోటో స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళకు, చెవులు కుట్టే వేడుకలకు చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి తీస్తాడు. జనం ఫోటోకు నిలబడేది సరిగ్గా భోజనాలకు ముందు, ఎండ నడినెత్తిన ఉన్నప్పుడే. ఆ ఎండలో కళ్ళు గుంటలైపోతాయి, ముక్కు నీడ మీసంలా పెదవి మీద పడుతుంది. ఒకసారి పెరియంపట్టి పెళ్ళికూతురు తన ఫోటో చూసుకుని ఏడ్చింది. ఆ వారమే నేను పెరట్లో పంచెలు ఆరేస్తున్నాను. తీగ కింద మా అత్త పాపక్క చింతపండు గింజలు తీస్తోంది. పంచెలోంచి వడగట్టినట్టు దిగిన వెలుతురు పడి, ఎప్పుడూ చిటపటలాడే ఆ మొహం పాలు తాగిన పసిపిల్ల మొహంలా కనిపించింది. ఒడిలో తెల్లగుడ్డ పరుచుకుని ఉండటంతో గడ్డం కింద కూడా నీడ లేదు. ఆయన్ను పిలిచి చూపించాను. "ఊఁ" అన్నాడు. తరువాతి పెళ్ళికి రెండు పంచెలూ తెమ్మన్నాడు. ఒకటి నేను పైన ఎత్తి పట్టుకోవాలి, ఒకటి ముందు నేలమీద పరచాలి. అది పదకొండేళ్ళ కిందటి మాట.

పదకొండేళ్ళూ చేతులెత్తి నిలబడ్డాను. పంచె నీడ నా వరకు రాదు. పొద్దున్నే వంట చేసి, ఆవులకు నీళ్ళు పెట్టి, బస్సెక్కి, ఎవరింటి పెళ్ళిలోనో ఎండలో నిలబడి, తిరిగొచ్చి మళ్ళీ వంట. "ఊరికే నిలబడొచ్చినదానికి ఆయాసమేమే? ఫోటో తీసినోడు నా కొడుకు గదా," అనేది అత్త. ఏడాదిగా నా కుడిచేతికి భుజం నుంచి వేళ్ళ దాకా స్పర్శ లేదు. సంకటిముద్ద వేడిగా ఉందో చల్లారిందో ఎడమచేత్తో తాకి తెలుసుకుంటున్నాను. ఎవరికీ చెప్పలేదు. నొప్పి ఉంటే ఉందని చెప్పొచ్చు. లేనిదాన్ని ఏమని చెప్పాలి?

ఈ రెండువేల ఏడు మే నెలలో జిల్లా ఫోటోగ్రాఫర్లు కొందరు కలిసి హొగేనక్కల్‌లో జలపాతం దగ్గర ఒకరోజు క్లాసు పెట్టుకున్నారు. నడిమధ్యాహ్నం ఎండలో మనుషుల్ని ఎలా తీయాలో చెప్పమని మా ఆయన్ను పిలిచారు. ముందురోజు సంకటి తింటూ ఆయన, "రేపు నీ పేరు గూడా చెప్తాలే. ఇది నా పెండ్లామే కనిపెట్టిందని," అన్నాడు. నేను అడగలేదు, ఆయనే అన్నాడు. గిన్నెలు తోముతూ నా పేరు నేనే ఒకసారి పలికి చూసుకున్నాను. మారియమ్మ. ఎవరిదో పేరులా వినబడింది.

నదిలో గుండ్రటి పుట్టి తెప్ప నడిపే పెరియసామిని గట్టున బండమీద కూర్చోబెట్టారు. లోతుకళ్ళ మనిషి. "ఈ మొగానికి పందిరి గూడానా!" అని నవ్వాడు. ఒక పంచె అతని ముందు పరిచి, ఇంకోదాని ఒక కొసను రాతిసందులో నిలబెట్టిన తెడ్డుకు కట్టి, రెండో కొస నేను ఎత్తి పట్టాను. చుట్టూ పన్నెండుమంది, కెమెరాలతో.

"ఎండను తిట్టుకోవద్దు, వడగట్టుకోవాల," అని మా ఆయన తమిళంలో మొదలుపెట్టాడు. "ఒకనాడు పెరట్లో పంచెలు ఆరేస్తా ఉంటే నాకు తట్టింది ఇది."

ఆయన ఏనాడూ పంచె ఆరేయలేదు.

ఆ గుంపులో ఒక్కతే ఆడపిల్ల, ధర్మపురి నుంచి వచ్చిన కీర్తిక. నావైపు తిరిగి, "అక్కా, గుడ్డను ఆ పక్కకు కొంచెం దించి పట్టుకున్నారే, ఎందుకు?" అని అడిగింది. నేను నోరు తెరిచాను.

"దాన్నడిగితే ఏం చెప్తుంది? దానికేం తెలుసు? పట్టుకోమంటే పట్టుకుంటుంది," అన్నాడు ఆయన. అందరూ నవ్వారు. పెరియసామి కూడా.

కోపం రాలేదు. చెయ్యి ఎలా ఉందో లోపలా అలాగే ఉంది. పట్టుకోమన్నచోట పట్టుకుని నిలబడ్డాను, అంతే.

ఎండ ఒకచోట నిలవదు. ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పకుండానే దానితోపాటు అడుగు అడుగు జరిగేదాన్ని. ఫోటోలన్నీ బాగా వచ్చేవి కాబట్టి నేను జరుగుతున్నానని ఎవరికీ తెలియలేదు. ఆ రోజు జరగలేదు. ఒక్కొక్కరే వచ్చి ఫోటో తీసుకుని పోతున్నారు. ఆయన ఇటు వీపు పెట్టి మాట్లాడుతున్నాడు. వెలుతురు పెరియసామి చెవి మీదికి వచ్చింది. చెంప దాటింది. ముక్కు దాకా వచ్చింది. సగం మొహం సున్నం, సగం మసి. చూస్తూనే ఉన్నాను.

కీర్తిక తన కెమెరా వెనక తెర చూసుకుని, "సార్, మొహం రెండుగా చీలింది," అంది. ఆయన వచ్చి చూశాడు. ఆమెకు ముందు తీసిన నలుగురివీ అంతే. ఆయన మెడ ఎర్రబడింది. నాకు మాత్రమే అర్థమయ్యేలా, ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో, "ఎండ జరిగితే నువ్వు గూడా జరగాల గదమే! ఆ మాత్రం తెలీదా నీకు?" అని అరిచాడు.

"తెలుసు," అన్నాను. తమిళంలో అన్నాను, అందరికీ వినబడేలా.

ఈసారి ఎవరూ నవ్వలేదు. పంచె దించి మడుచుకున్నాను.

ఇల్లు చేరేసరికి ఇంకా పొద్దుంది. రెండు పంచెలూ ఉతికి, బకెట్లో నీళ్ళు పోసి నీలిమందు కలిపాను. కుడిచేతి వేళ్ళు నీలమయ్యాయి, నీళ్ళ చల్లదనం మాత్రం తెలియలేదు. గుమ్మంలోంచి చూసిన అత్త పరుగున వచ్చింది.

"అయ్యో, వాటికి నీలం పెడ్తా ఉండావేమే? ఇంక ఫోటోకు పనికిరావు గదా!"

"కట్టుకునేదానికి పనికొస్తాయి అత్తా," అన్నాను.