దేవరాజు దాహం

నానబెట్టిన బొరుగుల్ని పిడికిలితో పిండి గిన్నెలో వేస్తూ దీవెనమ్మ ముందుగదిలోని మోతను వింటోంది. ఆ రోజు పిండడంలో కొంచెం ఎక్కువ బలమే పెడుతోంది. పాపం, బొరుగుల తప్పేమీ లేదు.

ముందుగదిలో ముగ్గురు మగవాళ్లు ఫజ్ పెడల్ ఎంచుకుంటున్నారు. అది కాలితో నొక్కే ఇనప డబ్బా. కరెంటు గిటారుకూ స్పీకరుకూ మధ్య తగిలిస్తే, నున్నగా పలికే తీగ కోపం తెచ్చుకుని గరగరమంటుంది. ప్రొద్దుటూరులో రేడియోలు బాగుచేసే మౌలాలి మద్రాసు నుంచి రెండు డబ్బాలు పట్టుకొచ్చాడు, ఒకటి ఎర్రది, ఒకటి నల్లది. నచ్చినదాన్ని ఉంచుకుని రెండోది తిరిగి ఇచ్చెయ్యాలి. పెళ్లిళ్లలో వాయించుకునే ఆర్కెస్ట్రాకు రెండు కొనే స్తోమత లేదు కనుక, కొన్న ఒక్కటీ లీడ్ గిటారుకూ పనికిరావాలి, బేస్ గిటారుకూ పనికిరావాలి. లీడ్ వాయించేది దీవెనమ్మ భర్త దేవరాజు. పగలు జమ్మలమడుగులో గుమాస్తా. డ్రమ్ములు ఎలీషావి. బేస్ వాయించే మనిషి బళ్లారిలో ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు. అతని గిటారు మాత్రం ఈ ఇంట్లో తలుపు వెనక నిలబడి ఉంది.

శనివారం పులివెందులలో పెళ్లి. బేస్ ఎవరు వాయిస్తారో ముందుగదిలో ఎవరికీ తెలియదు. వంటింట్లో తెలుసు. భర్త ఆఫీసుకూ, అత్త కునుకులోకీ వెళ్లిన మధ్యాహ్నాల్లో దీవెనమ్మ ఆ లావు తీగల మీద వేళ్లు కాయలు కాసేదాకా వాయించింది. పులివెందులకు తనే వెళ్లాలనుకుంది. ఆ మాట చెబితే దేవరాజు నవ్వాడు. కోప్పడినా కొంత మర్యాదగా ఉండేది.

"నువ్వు స్టేజీ ఎక్కితే జనం నా మొగాన ఉమ్ముతారు మే. ఇంట్లో వాయించుకో, ఎవరొద్దన్న్యారు?"

ఇప్పుడు ఆ దేవరాజే "మేయ్, నీళ్లు" అంటూ వంటింట్లోకి వచ్చాడు. చెంబు అందుకుని గొంతు తగ్గించాడు. "ఏది బాగుండాది?"

"ఎర్రది పైతీగల మీద బాగానే ఉంది. లావు తీగకొచ్చేసరికి రేకుడబ్బాలో ఈగ పడినట్లుంది. కింది స్వరాన్నంతా తినేస్తాంది."

దేవరాజు గుటకలు వేసి వెళ్లాడు. "ఎలీషా, ఎర్రదాంట్లో కింది స్వరం ల్యాకుండా పోతాండాదప్పా. రేకుడబ్బాలో ఈగ మాదిరి."

"ఏం చెవప్పా నీది!" అన్నాడు ఎలీషా.

దీవెనమ్మ చేతిలో ఉల్లిపాయ రెండు ముక్కలైంది. దేవరాజు వాయిస్తున్న ఆ లీడ్ గిటారు ఆమె కాలేజీలో చదివే రోజుల్లో తండ్రి కొనిచ్చినది. పెళ్లైన కొత్తలో దేవరాజు దాన్ని 'నీ గిటారు' అనేవాడు, తర్వాత 'మన గిటారు' అన్నాడు, ఇప్పుడు ఊరంతా 'దేవరాజు గిటారు' అంటోంది. మొన్నొక పెళ్లిలో ఎవరో పెద్దావిడ, "మీ ఆయప్ప ఇంత బాగా వాయిస్తాడే, నీగ్గూడా కాస్త నేర్పియ్యగూడదా?" అని జాలిపడింది. దీవెనమ్మ నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ దవడలో నొప్పిగా ఉంది.

చెంబు మళ్లీ వచ్చింది, వెనకే దేవరాజు.

"గిటారు మీద వాల్యూము తగ్గించి చూడు" అంది దీవెనమ్మ. "మంచి డబ్బా అయితే గరగర తగ్గి గొంతు తేటపడాల. విషాదం పాటకూ తీన్మారుకూ అదే డబ్బా గదా."

"నాకొక ఆలోచనొచ్చిందప్పా" అంటూ దేవరాజు ముందుగదిలోకి వెళ్లాడు. వాల్యూము తగ్గించాడు. నల్ల డబ్బా తేటపడింది.

మౌలాలి పగలబడి నవ్వాడు. "ఏంది దేవరాజూ, నీళ్లు తాగినప్పుడల్లా నీకు తెలివి పుడతాంది! మాగ్గూడా ఒక చెంబు తెప్పియ్యప్పా."

మంచి ఛలోక్తే. వంటింట్లో దీవెనమ్మకూ నవ్వొచ్చింది. ఆ నవ్వు పూర్తయ్యేలోపే, "అంతా మా బాయినీళ్ల మహిమలే!" అన్న భర్త మాట వినిపించింది. బావికైనా పేరు దక్కింది.

మూడోసారి వచ్చినప్పుడు దేవరాజు చెంబు కూడా అడగలేదు. "నల్లది బేసుకు సరిపోతాదా?"

"వాయిస్తే గదా తెలిసేది. నేనొచ్చి వాయిస్తా."

"మనుషులుండారు మే. ఊరికే ఊహించి చెప్పు."

ఊహించి చెప్పాలట! అతనికెంత ఆకలేస్తుందో, అత్తకు కాఫీలో ఎంత చక్కెర కావాలో, ఎవరికి ఎప్పుడు ఎందుకు కోపం వస్తుందో ఊహించి ఊహించే ఈ ఇంట్లో ఇన్నేళ్లు బతికింది. తీగ కూడా ఊహించే మీటాలా? దీవెనమ్మ కొంగుతో చేతుల పసుపు తుడుచుకుంది. తలుపు వెనక నుంచి బేస్ గిటారు తీసుకుని ముందుగదిలోకి నడిచింది.

"తిరగమాత మాడిపోతాందే!" అని అత్త అరిచింది.

"దించెయ్యండత్తా" అంటూనే ఆమె స్పీకరు తీగ తగిలించి, నల్ల డబ్బా మీద కాలు పెట్టింది.

గడప దాకా వచ్చిన అత్త బుగ్గలు నొక్కుకుంది. "సంగీతం సామాన్లు తొక్కేముందు కండ్లకద్దుకోవల్ల! ఆడదానివి!"

"ఇంతసేపూ తొక్కినోళ్లెవురూ అద్దుకోలేదత్తా."

లావు తీగ మీటింది. శబ్దం చెవికన్నా ముందు అరికాళ్లకు తగిలింది. గూట్లో స్టీలు గ్లాసులు ఒకదాన్నొకటి ఒరుసుకున్నాయి. స్వరం అడుగు చెదరలేదు. దాని మీద గరగర తుప్పులా పట్టుకుని ఉంది. ఆమె మనసులో ఇన్నాళ్లూ ఉన్న మోతే అది. ఎలీషా చేతులు వాటంతటవే తొడల మీద తాళం వేశాయి.

"నల్లదే!" అన్నాడు మౌలాలి. "యాడ నేర్చుకున్న్యావమ్మా ఇది?"

దీవెనమ్మ నోరు తెరిచేలోపు దేవరాజు అందుకున్నాడు. "నేనే, తీరికున్నప్పుడల్లా కొంచెం కొంచెం నేర్పిస్తాండా."

దీవెనమ్మ బేస్‌ను గోడకు ఆనించి, భర్త ఒడిలోని లీడ్ గిటారు తీసుకుంది. తీగలు బిగించే మరలన్నీ ఒక్కొక్కటే వదులు చేసింది. తీగలు వేలాడాయి. తిరిగి అతని ఒడిలోనే పెట్టింది.

"అయితే శ్రుతి చెయ్యి. అందరం వింటాం."

పెళ్లైన నాటి నుంచీ అతను ఆ మరలు ముట్టుకుని ఎరుగడు. ప్రతి పెళ్లికీ ఇస్త్రీ చొక్కాతోపాటు శ్రుతి చేసిన గిటారూ సిద్ధంగా ఉండేది. ఒక మర తిప్పాడు. తీగ మూలిగింది. ఇంకొకటి తిప్పాడు. ఎలీషా నేల చూశాడు. మౌలాలి ఎర్ర డబ్బాను సంచిలో పెట్టుకోవడంలో మునిగిపోయాడు.

"శనివారం పులివెందులలో బేసు నేను వాయిస్తా" అంది దీవెనమ్మ. "నేను రాకుంటే ఈ గిటారు ఇట్లనే వస్తాది."