గిన్నెలో పడని వాన

గౌరీశంకర్‌కు బరంపురంలో కేబుల్ కనెక్షన్లున్నాయి. నోరు కూడా ఉంది. వైశాఖం మొదట్లో ఒక పెట్టె తెచ్చి ఆఫీసులో పెట్టి, ఇక మన వాతావరణం మన చానెల్లోనే అని వీధంతా చాటుకున్నాడు. ఆఫీసంటే మా వెనక సందులో వాళ్ల ఇంటి కింది గదే.

"ఢిల్లీ వోడికి బరంపురం ఏటి తెలుస్తాది తాతా? జిల్లా అంతటికీ ఒకటే మాట సెప్తాడు. మనది అలా కాదు. పైనుంచి నెట్‌లో ఒక లెక్కొస్తాది. మా మేడ మీద మిషనెట్టాను, వాన పట్టడానికి దానికో గిన్నుంది. ఎండా, గాలీ, వానా కొలిసి వైరులో కిందికి పంపుతాది. పెట్టె రెండూ కలిపి సూసుకుంటాది. పై లెక్క వానన్నాదనుకో, మన గిన్నెలో సుక్క పడలేదనుకో, ఈ ఊరికి ఆ లెక్క సెల్లదని నేర్సుకుంటాది."

"ఊఁ" అన్నాను.

"నేర్సుకుంటాది తాతా! మనిసిలాగ!"

మనుషులు నేర్చుకోవడం నేను పెద్దగా చూడలేదు.

ఆ రోజు నుంచి టీవీ అడుగున నీలం పట్టీ పరుగెత్తేది. బరంపురం పొడి వాతావరణం, పురుషోత్తంపూర్ పొడి, మార్కండి పొడి. గిన్నె ఒకటి, ఊళ్లు మూడు. మార్కండి సముద్రం ఒడ్డున ఉంది. అక్కడి గాలి కూడా గౌరీశంకర్ మేడ మీదే వీస్తుంది కాబోలు.

పొడి అన్న రోజుల్లోనే రెండు మూడు జల్లులు పడ్డాయి. అడిగితే, "అదింకా నేర్సుకుంటన్నాది" అన్నాడు. తర్వాత కొన్నాళ్లు వాన లేదు. పొడి అంటే పొడే. "నేర్సేసుకుంది" అన్నాడు. జనం నమ్మారు. మా కోడలు సరళా నమ్మింది.

సరళ అప్పడాలు చేస్తుంది. ఇన్నాళ్లూ ఇంటింటికీ తిరిగి అమ్మేది. ఈసారి బడా బజార్‌లో సోమేశ్వరరావు గారింటి పెళ్లికి అప్పడాలన్నీ ఆమెకే చెప్పారు. బాగున్నాయంటే ఆ పేట పెళ్లిళ్లన్నీ తన చేతికొస్తాయి. చెడితే మళ్లీ గడప తొక్కనివ్వరు.

మా మేడ మీద అప్పడాలు ఆరుతున్నంతసేపూ మబ్బు చూడడం నా పని. పెళ్లి అప్పడాలు ఎండబెట్టిన రోజు సరళ పైకొచ్చింది.

"దిగిపో మావయ్యా, ఎండకి సచ్చిపోతావు. టీవీలో పొడని ఏసాడు."

"వాడేస్తే?"

"వాడు కాదు, మిషను."

దిగిపోయాను. ఆమె కవర్లు కొనడానికి బజారుకెళ్లింది.

మధ్యాహ్నం దాటాక గాలి లేచింది, వెంటనే వాన. నేను మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కేసరికి అప్పడాలు ముద్దయిపోయాయి. కింద టీవీలో పట్టీ పరుగెడుతూనే ఉంది. పొడి.

సరళ తడుస్తూ వచ్చింది. మేడ చూసింది. ఏడవలేదు. కొంగు పిండుకుని తిన్నగా గౌరీశంకర్ ఇంటికి నడిచింది. నేనూ వెళ్లాను.

"ఏటి బాబూ, పొడన్నావు?"

"పొడే అక్కా. పెట్టెలో సూడు, సుక్క పడలేదు." చూరు నుంచి ధార అతని భుజం మీదే పడుతోంది.

"సెయ్యి బయటికి సాపు."

"నా సెయ్యి కాదక్కా, మిషను సెప్పాల."

మిషన్ దగ్గరికే వెళ్లాం. ఆ మేడ మీద వాళ్ల అమ్మ అసిరమ్మ మామిడి ఒరుగులు ఎండబెడుతుంది. వాటి మీద టార్పాలిన్ కప్పి, అంచులకు ఇటుకలు పెట్టి ఉంది. మధ్యలో ఒకచోట బొడిపెలా లేచి ఉంది. అసిరమ్మ గొడుగేసుకుని పక్కనే కాపలా కాస్తోంది.

"అదేటమ్మా, ఎత్తుగా?"

"నీ మిషనేరా. మబ్బేస్తే సాలు, ముందు దాన్నే కప్పుతాను. ఒరుగులు ఆనక. అంత కరీదైన వస్తువు, తడిసిపోదేటి?"

"ఎప్పట్నుంచి?"

"నువ్వెట్టిన కాడి నుంచీ! ఒక్క సుక్క పడనిచ్చానా?"

ముసలావిడ మొహం వెలిగిపోతోంది. పై లెక్క వాన అన్నప్పుడల్లా గిన్నె ఎండిపోయే ఉంది. ఈ ఊళ్లో వాన పడదని పెట్టె నేర్చుకుంది. శ్రద్ధగానే నేర్చుకుంది.

"కంపెనీ వోడికి ఫోన్ సేస్తాను" అన్నాడు గౌరీశంకర్.

"ముందు పెళ్లోరికి సెయ్యి" అంది సరళ.

చేశాడు. "అకాల వాన సార్, దేవుడికైనా తెలీదు..." అని ఎత్తుకున్నాడు. సరళ ఫోన్ లాక్కుంది.

"అప్పడాలు తడిసిపోయాయండి. మళ్లీ సేస్తాను. పెళ్లి ముందు రోజుకి మీ ఇంట్లో ఉంటాయి."

అటు నుంచి, రాకపోతే కొట్లో కొనుక్కుంటాం అన్నారు.

తెల్లారగానే తల్లీకొడుకులిద్దర్నీ మా ఇంట్లో కూర్చోబెట్టింది. అసిరమ్మ చేయి బాగా నడిచింది. గౌరీశంకర్ ఒత్తిన అప్పడం ఒక్కటీ గుండ్రంగా రాలేదు.

"ఇవెవులికి పిల్లా?" అంది అసిరమ్మ, వాటిని పక్కకు తోస్తూ.

"మీవోడే తింటాడు."

రెండు రోజులు ఎండ కాసింది. సరుకు వేళకు చేరింది. పెళ్లివారు వేయించి చూసి, మిగతావి కూడా దించమన్నారు.

మర్నాడు పొద్దున్న నీలం పట్టీలో కొత్త మాట పరుగెత్తింది. రుచికరమైన అప్పడాలకు సరళ గారిని సంప్రదించండి, పర్యవేక్షణ గౌరీశంకర్.

సరళ పిండి చేతులతోనే వెళ్లింది.

"నా పేరు తీసెయ్యి బాబూ."

"ఊరికే ఏసానక్కా! పేరొస్తాది నీకు."

"అందుకే తియ్యమంటన్నాను. నీ పట్టీలో ఏసింది ఎవులు నమ్ముతారు?"

సాయంత్రానికి తీసేశాడు. పర్యవేక్షణ మాత్రం రాత్రి దాకా తిరిగింది.