నైటూ రోజూ సైకిలు

"మీ తోడల్లుడు పంతులు బాబింటికాడ నైటూ రోజూ సైకిలు తిరుగుతున్నాదట బాబూ!"

చేపల గంప అరుగు మీద దించుతూనే సన్యాసమ్మ వేసిన ఈ కేకకి నా చేతిలో కాఫీ గ్లాసు కూడా తిరిగింది. నా పంచె మీదికే తిరిగింది.

సన్యాసమ్మది ఉద్దానం ఒడ్డు. పొద్దున్నే పూండిలో రైలెక్కి, పలాసలో దిగి, వీధివీధికీ చేపలు అమ్ముతుంది. చేపలకి తూకం ఉంటుంది. కబుర్లు మాత్రం కొసరు.

"ఎవరు చెప్పారే?"

"ఇంకెవులు? తులసమ్మే సెప్పినాది. మా ఆయన నైటూ రోజూ సైకిలు, సైకిలంటూ పేణం తీత్తన్నారు, ఇంకా నెల తిరగాలట, అనీసి నవ్వినాది. కొత్తదే బాబూ. పాతదైతే అన్నాళ్ళు నేర్సుకోడమేటి?"

ఇక్కడ నా సంగతి కొంత చెప్పాలి. నా పేరు త్రినాథరావు. పలాస స్టేషన్లో గూడ్సు గుమాస్తాని. ఎన్నో బళ్ళు నా చేతుల మీదుగా పోతాయి గానీ అందులో ఒక్క బండీ నాది కాదు. గడ్డి చుట్టిన కొత్త సైకిళ్ళు కూడా వస్తాయి. వాటికి రసీదు రాస్తాను, నిట్టూరుస్తాను, పంపించేస్తాను.

తులసి నా భార్య సుభద్రకి చెల్లెలు. ఆమె మొగుడు వైకుంఠరావు హైస్కూల్లో సైన్సు మేష్టారు. తోడల్లుడంటే తోడుగా ఉండే అల్లుడని ఎవరైనా అర్థం చెప్తే, ఆ మనిషికి తోడల్లుడు లేడన్నమాట. రెండు నెలల కిందట నిమ్మాడ నుంచి బదిలీ అయి, ఊళ్ళో ఇన్ని వీధులుండగా సరిగ్గా మా పక్క వీధిలోకే దిగాడు. అందరూ పోయి వైకుంఠంలో చేరతారు, నాకేమో వైకుంఠమే వచ్చి పక్కన చేరింది! దిగిన రోజునే ఇద్దరూ మా ఇంటికొచ్చి భోంచేసి వెళ్ళారు. తిరిగి వాళ్ళింటికి నేను వెళ్ళలేదు. నేను వెళ్ళందే సుభద్రా వెళ్ళలేదు.

ఎందుకంటే మా మావ కంచిలి నుంచి కొబ్బరికాయలు పంపితే వాడికి నీళ్ళున్నవి వెళ్తాయి, నాకు పీచున్నవి వస్తాయి. కొలిచి చూశాను గనకే చెప్తున్నాను.

ఇక సైకిలు. పద్నాలుగేళ్ళ కిందట, యాభై నాలుగులో, నన్ను అలకపాన్పు మీద కూర్చోబెట్టారు. కొత్తల్లుడు పాన్పెక్కి అలిగి ఏదడిగితే అది మామగారు ఇవ్వాలి, అదో ముచ్చట. నేను సైకిలడిగాను. మా మావ పేరు వరహాలు. పేరులో ఉన్న వరహాలు చేతిలో లేని మనిషి. "జీడితోట కాపుకి రానీ అల్లుడూ, బెల్లుతో సహా కొనీసి ఇత్తాను" అన్నాడు. నేను పాన్పు దిగాను గానీ అలక దిగలేదు. తోట పద్నాలుగు కాపులు కాసింది. బెల్లు మాత్రం స్టేషన్లోదే వింటున్నాను.

"నోరు తెరిసి అడగొచ్చు కదా" అంటుంది సుభద్ర. అల్లుడన్నవాడు ఒక్కసారే అడుగుతాడు. రెండోసారి అడిగితే అది అడుక్కోవడం.

అలాంటిది, నేను అలిగిన సైకిలు వాడు తొక్కుతున్నాడా! నైటూ, రోజూ!

సంగతి తేల్చుకుందామని సైకిలు షాపు చిన్నారావు దగ్గరికి వెళ్ళాను. కళ్ళలో మంట పెట్టుకుని, మాటకి వెన్న పూసుకుని అడిగాను.

"మా వైకుంఠం బండి ఎలా ఉందోయ్?"

"బండిని నాను సూణ్ణేదు బాబూ. ట్యూబు, వాల్వు, గాలిపంపు పట్టుకెల్లారు. సైకిలెలగుందండీ అనడిగితే, ఇంకా అవనేదోయ్, ఇంట్లోనే ఉన్నాది, కదిపితే పాడవుతాదన్నారు."

ఇంట్లో! కదిపితే పాడవుతుందట! పెళ్ళికూతుర్నైనా అంత భద్రంగా దాచరు.

"అద్దాలు కూడా ఉన్నాయి బాబూ. కంచిలి నుంచి మీ మావగోరే పంపినారట, గడ్డి సుట్టి, బస్సు మీద."

అద్దాలు! ఒకటి కాదు, అద్దాలు! బెల్లడిగిన పెద్దల్లుడికి బెల్లు లేదు, అడగని చిన్నల్లుడికి అద్దాలా! నా కడుపులో ఏదో కుళ్ళడం మొదలుపెట్టింది. నిజం చెప్పాలంటే పద్నాలుగేళ్ళ కిందటే మొదలైంది, ఆ రోజు కంపు బయటికొచ్చింది.

ఆ ఆదివారమే కంచిలిలో మావ షష్టిపూర్తి. కూతుళ్ళూ అల్లుళ్ళూ జంటలుగా పీటల మీద నిలబడి ఆయనకి కొత్తబట్టలు పెట్టాలి. ఇంటికొచ్చి చెప్పాను.

"నేను కంచిలి రాను. ఆయన షష్టి ఆయన పూర్తి చేసుకోమను."

సుభద్ర చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

"మా నాయినకి అరవయ్యేళ్ళు ఒక్కసారే వత్తాయి."

"నాకు సైకిలు ఆ ఒక్కసారీ రాలేదు."

"సరే. మీరు అలగండి. ఈసారి పాన్పు కూడా వెయ్యను, కటిక నేల మీద అలగండి. నాను ఒక్కర్తినీ ఎల్లి నిలబడతాను. నా పక్క పీట కాళీగుంటే, పెద్దల్లుడేడీ అని నలుగురూ అడుగుతారు. మా నాయిన తలొంచుకుంటాడు. ఆ తరవాత ఇంక ఆ గడప తొక్కే మొకం నాకుండదు. అదొక్కటీ గుర్తెట్టుకోండి."

ఏడిస్తే ఏదో ఒక మాటతో నవ్వించేవాణ్ణి. ఏడవలేదు. రాళ్ళు ఏరి పక్కన పెడుతూనే ఉంది. అయినా నేను అలక దిగలేదు. దిగితే వాడు సైకిలు మీద, నేను నేల మీద.

శుక్రవారం పొద్దున్న మావే వచ్చాడు, స్వయంగా పిలవడానికి. చేతిలో తాంబూలం పళ్ళెం. ఆ పళ్ళెం ముట్టుకోకుండా అన్నాను.

"ముందు సైకిలు చూపించండి మావా. తరవాత పిలవండి."

"ఏ సైకిలు అల్లుడు గోరూ?"

"చిన్నల్లుడికి మీరిచ్చిందే. అద్దాలతో సహా."

"నానెవులికీ సైకిలివ్వనేదే!"

"అయితే పదండి!"

నేను ముందు, వెనక పళ్ళెంతో మావ, ఆ వెనక సుభద్ర, అప్పుడే గంప దించబోతున్న సన్యాసమ్మ దాన్ని మళ్ళీ నెత్తికెత్తుకుని మా వెనక. నా గొంతు విని అరుగుల మీది వాళ్ళు కూడా దిగారు. పక్క వీధి చేరేసరికి ఊరేగింపైంది. దేవుడొక్కడే తక్కువ.

"బావా! ఇన్నాళ్ళకి దారి తెలిసిందా! సుభద్రప్పా, రా!" అంటూ తులసి తలుపు తీసింది. నేను తిన్నగా లోపలికెళ్ళి తలుపు వెనక చూశాను, మంచం కింద చూశాను. సైకిలు లేదు. ముందుగదిలో బల్ల మీద నాలుగు అద్దాల పెట్టె, దాన్నిండా నీళ్ళు, అడుగున ఇసక, రాళ్ళు. గోడ మేకుకి ఉబ్బిన సైకిలు ట్యూబు. దాన్నుంచి సన్న గొట్టం నీళ్ళలోకి దిగి బుడబుడమంటోంది. ఒక్క చేపా లేదు. మూల ఒక రొయ్య, తెల్లగా పాలిపోయి, పీలికలై పడుంది.

"సైకిలేదిరా?" అని అరిచాను.

వైకుంఠరావు సంబరంగా ఆ పెట్టె చూపించాడు. "ఇదే అన్నయ్యా! ఇవాళ్టికి ముప్ఫై నాలుగో రోజు. ఇంకా పూర్తవలేదు."

"దీనికి చక్రాలేవి?"

"చక్రమే ఇది. నైట్రోజన్ సైకిలు! నత్రజని చక్రం. కొత్త నీళ్ళలో పెంపుడు చేపల్ని వేస్తే వాటి మలినమే వాటికి విషమై చచ్చిపోతాయి. అందుకని చేపల్లేకుండా ముందు ఒక రొయ్యని కుళ్ళనిస్తాం. ఆ కుళ్ళులోంచి అమ్మోనియా పుడుతుంది. దాన్ని తినే సూక్ష్మజీవులు ఇసకనీ రాళ్ళనీ పట్టుకుని పెరుగుతాయి. అవి దాన్ని ఇంకో విషంగా మారుస్తాయి, మరో రకం జీవులు ఆ విషాన్ని దాదాపు హాని లేనిదిగా మారుస్తాయి. వాటికి గాలి కావాలి, అందుకే ట్యూబూ పంపూ. అద్దాలు మావయ్యగారి పాత బీరువావి."

చిన్న గాజు గొట్టంలో కాసిని నీళ్ళు తీసి రెండు చుక్కలు ఏదో మందు వేశాడు. నీళ్ళు పసుప్పచ్చగా తిరిగాయి.

"చూశారా? కుళ్ళు ఇంకా ఉంది."

గదిలో అందరూ గొట్టాన్ని వదిలేసి నన్ను చూశారు.

సన్యాసమ్మ గంపతోనే కూలబడింది. "వోలమ్మ! నైట్రోజనా! నాను నైటూ రోజూ అనుకున్నాను బాబూ! వారానికో రొయ్య, ఒక్కటంటే ఒక్కటి కొంటంటే పంతులోరు పిసినారనుకున్నాను గానీ, కుళ్ళబెట్టీడానికా!"

మావ పళ్ళెం బల్ల మీద పెట్టాడు. గొంతు తగ్గించాడు.

"అల్లుడు గోరూ, ఇన్నేళ్ళూ అలకలోనే ఉన్నారా? మీకు రైల్లో ఉజ్జోగమొచ్చీసినాది. రైలున్నోడికి సైకిలిత్తే నామోసీ పడతారేటో అనీసి నాను భయపడీసి ఊరుకున్నాను. మీరడగనేదు, నానివ్వనేదు."

ఆయన నాకు భయపడ్డాడు! కొబ్బరికాయలు కొలిచిన నాకు! సుభద్ర వైపు చూశాను. నేనేమంటానోనని కొంగు మెలిపెడుతూ గుమ్మంలో నిలబడింది. పళ్ళెం అందుకుని, తాంబూలం తీసుకున్నాను.

బయట అరుగు నిండా జనం. "ఏటైనాదండీ? సైకిలు దొరికినాదా?" అని కేకలు. సుభద్ర పక్కకి వచ్చింది. "వాళ్ళని మీరే పోగేశారు, మీరే సెప్పండి" అంది. గుమ్మంలోకి వెళ్ళి, రైలు కూత దాటి వినబడే గొంతుతో అందరికీ చెప్పాను.

"ఇక్కడ సైకిలు లేదు! నైటూ కాదు, రోజూ కాదు, నైట్రోజను! సన్యాసమ్మకి చెవి తిరిగింది, దాంతో నాకు తల తిరిగింది. మా తమ్ముడు కుళ్ళబెట్టింది ఒక రొయ్యని. మిగతా కుళ్ళంతా నాది. మావ ఎవరికీ ఏమీ చాటుగా ఇవ్వలేదు. ఆదివారం కంచిలిలో మా జంట పీట మీద ఇద్దరం ఉంటాం. రండి, లోపలికొచ్చి చూడండి, ముక్కు మాత్రం మూసుకోండి!"