పేరు తప్ప అన్నీ తిరిగొచ్చాయి

సాయంత్రం ఆరైతే చాలు, లండన్‌లో ఎవరూ చదవని అక్షరాలన్నీ కాగితాలు వదిలి రాసినవాళ్ల ఇళ్లకు బయల్దేరేవి. ఆ ఊరి టాటెనమ్ పేటలో బస్సు దిగిన జనం వాటికి దారి వదిలి తమ మానాన తాము పోయేవారు. అరబా ఎసిల్‌ఫీ ఉద్యోగ దరఖాస్తులైతే వారానికి మూడుసార్లయినా వచ్చేవి. తలుపుకున్న ఉత్తరాల సందులోంచి దూరి, వంటింటి బల్లెక్కి నిలబడేవి. రోజంతా బస్సు నడిపి వచ్చిన వాళ్లమ్మ ఎఫువా కెంకే అనే మొక్కజొన్న ముద్దలున్న పళ్లెం పైకెత్తి వాటికి చోటిచ్చేది.

"ఈసారి ఎవరే?"

"నది పక్కన పుస్తకాల ప్రచురణ సంస్థ. ఎంతో శ్రద్ధగా చదివాం గానీ ఉద్యోగం ఇవ్వలేమని పొద్దున్నే జవాబిచ్చారు."

"శ్రద్ధట, వాళ్ల మొహం!"

సాహిత్యంలో ఫస్ట్ క్లాసు, కాలేజీ పత్రికకు రెండేళ్ల సంపాదకత్వం, అన్నీ తిరిగొచ్చేవి. పేరొక్కటే రాదు. అరవై ఒక్క దరఖాస్తులు పెడితే ఒక్క పేరూ వెనక్కి రాలేదు. అంటే వాళ్లు చదివింది అదొక్కటే. ఆ సంగతి తట్టిన రోజు అరబా భోజనం ముట్టలేదు.

అరవై రెండోది అదే సంస్థకు, బెల్లా ఫీల్డ్ అనే పేరుతో పంపింది.

"మంగళవారం పుట్టిన ఆడపిల్లను మా వైపు అరబా అంటారు. మా అమ్మ పెట్టిన పేరే అది," అంది ఎఫువా. "వాళ్ల కోసం పుట్టిన రోజు కూడా మార్చుకుంటావా?"

"ఆ రోజును పట్టుకుని ఇంట్లో కూచోమంటావా?"

ఆ సాయంత్రం ఒక్క అక్షరం కూడా రాలేదు. సంతోషించాల్సింది పోయి అరబా ఖాళీ బల్లను రెండుసార్లు తుడిచింది.

ఇంటర్వ్యూలో సంపాదకురాలు హెలెన్ ఆమెను చూసి, వెనకాల ఇంకెవరైనా వస్తున్నారేమోనని గుమ్మం వైపు చూసింది. తర్వాత తేరుకుని నవ్వింది. మూడు నెలలు చూస్తామని చెప్పి ఉద్యోగం ఇచ్చింది.

మూడో వారం హెలెన్ ఒక కట్ట తెచ్చి అరబా బల్ల మీద పడేసింది. "ఇంకో ఖాళీకి నలభై దరఖాస్తులొచ్చాయి, బెల్లా. అన్నీ చదువుతూ కూచోకండి. మనలో ఎవరు ఇముడుతారో పేరు చూస్తేనే తెలిసిపోతుంది. రాసుకోవడానికి సొరుగులో చిత్తుకాగితాలున్నాయి." వెళ్తూ వెళ్తూ కిటికీ బెత్తెడు తెరిచింది. అక్షరాలు పోవడానికి ఆ ఆఫీసులో చలికాలం కూడా అలాగే ఉంచేవారు.

అరబా సొరుగు లాగింది. పైన ఒక్క పేరు, కింద అంతా తెలుపు. అన్నీ అలాంటి కాగితాలే. అడుగున తన పాతది, అరబా ఎసిల్‌ఫీ అన్న పేరుతో. దాని మీద ఎవరెవరికి ఎలాంటి టీ కావాలో ఎవరో రాసుకున్నారు. "బెల్లా, పాలు ఎక్కువ" అని చివర ఉంది.

ఆమె లేచి కిటికీ మూసేసింది. కట్టలో ఆరింటి కోసం కాచుకున్న అక్షరాలు సర్దుకుని కూచున్నాయి. మొదటి కాగితం తీసి పైనుంచి కిందిదాకా చదివింది. తర్వాత రెండోది. ఇరవయ్యోది వాళ్ల ఎదురింటి ఉజోమాది.

ఐదింటికి హెలెన్ వచ్చింది. "కిటికీ ఎందుకు మూశారు, బెల్లా?"

"చదవడం ఇంకా అవలేదు. నా పేరు అరబా ఎసిల్‌ఫీ. మీ సొరుగులోనే ఉంది, చూసుకోండి."

హెలెన్ సొరుగు తెరవలేదు. "మీరిక్కడ ఇమడలేకపోతున్నారు. రేపట్నుంచి రానక్కర్లేదు," అంది, ఎంతో మెత్తగా.

మిగిలిన రెండు దరఖాస్తులూ నిలబడే చదివి, అరబా కోటు తీసుకుంది.

ఆరు దాటాక ఆమె బస్సు దిగి వచ్చేసరికి ఉజోమా తల్లి అక్షరాలకు చోటిద్దామని పళ్లెం ఎత్తి పట్టుకుని ఎదురింటి గుమ్మంలో నిలబడి ఉంది. "ఇవాళ ఒక్క అక్షరమూ రాలేదేంటే, అరబా?"

"ఇక రావు, ఆంటీ. ఉజోమా రాసిందంతా చదివారు."

ఆవిడ మొహం వెలిగిపోయింది. "అంతా చదివారా! ఎవరే ఆ మహాతల్లి? మీ ఆఫీసులోనే కదా, నువ్వు కూడా ఒక మాట చెప్పవే!"

ఆ చదివిన మనిషిని తీసేశారని చెప్పడానికి అరబాకు నోరు రాలేదు. "చెప్తాలెండి," అని ఇంట్లోకి వెళ్లిపోయింది.