మెడ దాకా వచ్చిన చిరుగు

ఆకుపచ్చ కుర్తా మెడ పట్టీ ఊడి, ఎడమ భుజం వైపు జేనెడు పొడుగున చిరిగింది. ఆమె దాన్ని కుట్టుమిషన్ మీద పరిచి, పీలికల సంచీలోంచి ఒక్కో ముక్కా తీసి పక్కన పెట్టి చూసుకుంటోంది. పసుపు పూల ముక్క బాగుంటుంది. పాప పాత గౌను అంచయితే ఇంకా బాగుంటుంది. అంచు వేసి, కింద రెండు గుండీలు తగిలిస్తే కావాలనే అలా కుట్టించుకుందనుకుంటారు. ఈ విద్యలో ఆమె చెయ్యి తిరిగిన మనిషి. అయినా స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు ఆగిందా లేదా అని చెవి అటే ఉంది.

నిన్న సాయంత్రం జరిగింది పెద్ద విషయమేం కాదు. రిమోట్ ఎక్కడుందని ఆయన అడిగాడు. చేతులకు అంట్ల సబ్బుంది, "ఒక్క నిమిషం" అంది. ఆ మాటకే మెడ దగ్గర పట్టుకుని గుంజాడు. ఆయన కొట్టడు. ఈ సంగతి అత్తగారు కాస్త గర్వంగానే చెబుతుంది. "మావాడు ఏనాడైనా నీమీద చెయ్యి చేసుకున్నాడా? కోపంలో గుడ్డ చిరిగింది, అంతేగా. కుట్టుకుంటే పోతుందమ్మాయ్." నిజమే కాబోలనుకుని ఆమె ఇన్నేళ్ళూ కుట్టుకుంటూ వచ్చింది. మొదటిసారి చీర కుచ్చిళ్ళ దగ్గర చిరిగింది. చిరుగు కనపడకుండా చుట్టూ వెడల్పాటి అంచు వేసింది. తర్వాత ఓ కుర్తా నడుము దగ్గర. దానికి పక్కజేబు పుట్టింది. ఆ తర్వాత జాకెట్టు చెయ్యి, ఆ మీదట మరో కుర్తా భుజం. భుజం మీద గళ్ళ గుడ్డతో ఆకులు కత్తిరించి అతికింది.

ఆమె పనిచేసే కళ్ళజోళ్ళ షాపులో ఆ ఆకుల్ని చూసి అందరూ మురిసిపోయారు. "అక్కా, పాత బట్టలకి ఎంత సోకు చేస్తావో! నీ బుర్రకి ఎలా తడతాయి ఇవన్నీ?" అని అద్దాలు బిగించే అమ్మాయి వెంటపడింది. ఆ పిచ్చితల్లి అంతటితో ఊరుకుందా? తనకూ అలాంటి ఆకులే కావాలని, కొత్తగా కొన్న కుర్తా భుజం మీద తనే కత్తెర పెట్టి పట్టుకొచ్చింది. ఆమె నవ్వుతూనే కుట్టి ఇచ్చింది. పొద్దస్తమానం జనం చూపు సరిచేసే చోట, అతుకు కింద ఏముందో ఒక్కరికీ కనిపించలేదు. వాళ్ళను అని ఏం లాభం, కనిపించకుండా కుట్టింది తనే కదా. చివరికి షాపు యజమానురాలు, "శనివారం మధ్యాహ్నం మనవాళ్ళందరికీ నేర్పించు. నువ్వు మార్చిన బట్టలన్నీ పట్టుకురా, చూసి నేర్చుకుంటారు" అంది. ఆ శనివారం ఇవాళే.

ఇందాక సంచీలో సర్దుదామని ఆ బట్టల్ని మంచం మీద వరసగా పరిచినప్పుడే అది ఆమె కంటపడింది. విడివిడిగా కుట్టినప్పుడు తట్టనే లేదు. కుచ్చిళ్ళు, నడుము, చెయ్యి, భుజం, ఇప్పుడు మెడ. చిరుగు ఏటికేడూ పైకి పాకుతోంది. మెడ దాటితే కుట్టుకోవడానికి గుడ్డంటూ ఉండదు.

"తువ్వాలేదీ?" అని స్నానాల గదిలోంచి కేక వినిపించింది. గొంతు మామూలుగానే ఉంది. ఆ గొంతు ఏ క్షణాన మారిపోతుందో ఆమెకు ఈనాటికీ అంతుపట్టలేదు. పరుగున వెళ్ళి తువ్వాలు అందించి వచ్చేసరికి పాప మిషన్ పక్కన నిలబడి ఉంది. చేతిలో సూది, సూదిలో నీలం దారం.

"ఆకుపచ్చ దానికి నీలం దారమేంటే బంగారం?" అంది ఆమె.

"దానికి కాదమ్మా. నువ్వేసుకున్న నైటీకి. నాన్న కేకేశాడుగా, అందుకని ముందే ఎక్కించి పెట్టా." పాప గొంతు తగ్గించింది. "నా గౌనుకి ఎర్రది కూడా ఎక్కించి పెట్టుకున్నా."

ఆమె అక్కడే కుర్చీలో కూలబడింది. పిల్లకు చక్కగా కుట్టుపని అబ్బుతోందని నలుగురికీ చెప్పుకుని మురిసింది. అబ్బింది కుట్టుపని కాదు, చిరగకముందే సిద్ధంగా ఉండటం. ఇది ఎవరు నేర్పారో వేరే చెప్పక్కర్లేదు. పసుపు పూల ముక్కనీ, గౌను అంచునీ తిరిగి పీలికల సంచీలో కుక్కింది. చిరిగిన కుర్తాను చిరిగినట్టే తొడుక్కుంది.

ఆయన హాల్లో అద్దం ముందు తల దువ్వుకుంటున్నాడు. అద్దంలోంచే చూశాడు.

"అదేంటి, కుట్టకుండానే వేసుకున్నావ్?"

"షాపులో అందరికీ చూపించాలిగా." ఆమె బట్టల సంచీ చేతిలోకి తీసుకుంది.

ఆయన దగ్గరికొచ్చాడు. వేలాడుతున్న మెడ పట్టీని రెండు వేళ్ళతో ఎత్తి, నెమ్మదిగా భుజం మీద సర్దాడు. ఆ వేళ్ళు మెడ దగ్గరున్నంతసేపూ ఆమె ఊపిరి తీసుకోలేదు.

"నీ చేతిలో కళ ఉందోయ్. ఏదో ఒకటి వేసి కప్పేస్తావులే" అని నవ్వాడు.

"పిల్లనెందుకు తిప్పడం?" అని అత్తగారు గుమ్మంలోంచి అడిగింది.

"సూదిలో దారం ఎక్కిస్తుందత్తయ్యా, సాయానికి."

పాప చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. వీధి మలుపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు. మలుపు తిరిగాక కూడా ఎవరో పిలిచినట్టే అనిపించింది.

షాపులో బల్ల చుట్టూ కుర్చీలు వేసి ఉంచారు. యజమానురాలు, కౌంటరు దగ్గరి ఆడవాళ్ళు, అందరూ కూర్చున్నారు. అద్దాలు బిగించే అమ్మాయి కుర్తా మెడ చూసి చప్పట్లు కొట్టింది. "భలే చింపావక్కా! దీన్ని దేనితో కప్పుతావో చూపించు."

పాప సూది అందివ్వబోయింది. ఆమె సూది అందుకుని, దారం లాగేసి, పాప చేతిని తన చేతిలో మూసుకుంది. సాయంత్రం ఆ ఇంటికి ఎలా వెళ్ళాలో, అసలు వెళ్ళాలో లేదో తెలియడం లేదు. భయం ఇంట్లో ఉన్నంతా ఇక్కడా ఉంది.

"కప్పను. ఇది మా ఆయన చింపాడు" అని, బట్టల సంచీని బల్ల మీద బోర్లించింది. "ఇవన్నీ కూడా."