గాలిలో యాభై నిమిషాలు

కౌంటరు అద్దం కింద పరిచిన కాగితం వైపు చూడకుండానే అతను చెబుతున్నాడు. "నాలుగు వందల పది కిలోమీటర్లండీ. విమానంలో యాభై నిమిషాలు. ఇలా ఎక్కి అలా దిగడమే."

టిక్కెట్లమ్మే ఆ ఇరుకు ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా అదే కుర్చీ. కుడి మోచేయి ఆనే చోట బల్లకి రంగు పోయింది. ఏ ఊరు ఎంత దూరమో, ఎంతసేపో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. తోటివాళ్లు "నిమిషాల మాస్టారు" అని ఆటపట్టిస్తే పైకి విసుక్కుని, లోలోపల పొంగిపోయేవాడు. చేరిన రోజే యజమాని చెవిలో ఒక మాట వేశాడు: విమానం గాలిలో ఉండే సేపే చెప్పాలి, మిగతా తిప్పలు ఎక్కేవాళ్లే పడతారు. ఆ మాట తు.చ. తప్పకుండా పాటించాడు. తమాషా ఏమిటంటే, తను మాత్రం ఒక్కసారైనా విమానం ఎక్కలేదు. ఆ నాలుగు వందల పది కిలోమీటర్ల అవతలి ఊళ్లోనే ఉన్న అక్క దగ్గరికి వెళ్లాలన్నా ఎనిమిది గంటల బస్సే.

పదకొండున్నరకి బావ ఫోను చేశాడు.

"మీ అక్కకి గుండెలో రక్తనాళం చిట్లేలా ఉందట. వెంటనే ఆపరేషన్ చెయ్యాలంటున్నారు. నిన్ను చూడందే లోపలికి వెళ్లనని మొండికేసింది. ఎంతసేపట్లో రాగలవురా?"

"యాభై నిమిషాలు బావా."

నోటికి అలవాటైన మాట. ఆలోచించే లోపే వచ్చేసింది.

కట్టుబట్టలతో బయల్దేరాడు. విమానాశ్రయానికే గంట పట్టింది. అక్కడ బారెడు వరస. బెల్టు తియ్యమన్నారు, బూట్లు విప్పమన్నారు. ఊరందరికీ దారి చెప్పినవాడు ఏ గేటో తెలియక ముగ్గుర్ని అడిగాడు. వరసలోంచి బావకి ఫోను చేస్తే స్విచాఫ్. ఆ వార్డులో ఫోన్లు కట్టేయిస్తారు. విమానం లేచేసరికి రెండు దాటింది.

గాలిలో మాత్రం సరిగ్గా యాభై నిమిషాలే. చక్రాలు నేలను తాకగానే గడియారం చూసుకుని, ఆ కంగారులోనూ కాస్త గర్వపడ్డాడు పాపం.

ఆసుపత్రికి చేరేసరికి నాలుగైంది. వరండాలో బెంచీ మీద బావ ఒక్కడే ఉన్నాడు. తలెత్తలేదు.

"ఒంటిగంట దాకా ఆగిందిరా. డాక్టర్లు పోరుతూనే ఉన్నారు. మా తమ్ముడు లెక్క తప్పడు, యాభై అన్నాడంటే యాభయ్యే, ఈపాటికి గుమ్మంలో ఉంటాడంది. చివరికి నేనే కోప్పడి తీసుకెళ్లమన్నా. ఆపరేషన్ గది తలుపు దాకా కూడా వెళ్లకుండానే పోయింది."

ఇరవై రెండేళ్లలో అతను ఎన్ని వేలమందికి చెప్పాడు ఆ మాట! ఒక్కరూ తిరిగొచ్చి నిలదీయలేదు. ఎవరికి వాళ్లు రెండు మూడు గంటలు కలుపుకునే బయల్దేరి ఉంటారు. దాన్ని అక్షరాలా నమ్మింది అక్క ఒక్కతే. అది అబద్ధమని అతనికి ఇప్పుడే తెలిసింది, అక్క ప్రాణం తీసిన తర్వాత.

బావ జేబులోంచి ఏదో తీసి అతని చేతిలో పెట్టాడు.

"లోపలికి తీసుకెళ్లే ముందు నర్సు ఒంటి మీదవన్నీ తీసేసింది. ఇది మాత్రం మీ అక్క ఇవ్వలేదు. వాడొస్తే సరిగ్గా కనబడొద్దూ అంది."

అక్క కళ్లజోడు. అద్దాలు మచ్చ లేకుండా తుడిచి ఉన్నాయి. పోయినసారి వచ్చినప్పుడు వదులైన కాడకి అతను చుట్టిన నల్లదారం ఇంకా ఊడలేదు.